లాఫీ తల్లా, తండ్రా?

కుంతి కొడుకు కౌంతేయుడు. రాధ పెంచినవాడు రాధేయుడు. గంగ కన్నవాడు గాంగేయుడు. తల్లి పేరుతో మగవాణ్ణి పిలవడం మనకేం కొత్త కాదు. ఇప్పుడొక విదేశీ రచయిత 'కౌంతేయుడు' అన్న మాట చూసి, కుంతి అంటే ఎవరో మహారాజు అయ్యుంటాడులే అనుకుని, ఆయనకు మీసాలు పెట్టి, చేతికి గద ఇచ్చి, యుద్ధభూమిలో నిలబెట్టాడనుకోండి. నవ్వొస్తుంది కదా. థార్ అంటే ఉత్తర ఐరోపా వాళ్ళ నార్స్ పురాణాల్లో ఉరుముల దేవుడు. అతని మీద అమెరికాలో మార్వెల్ కంపెనీ వేసిన కామిక్స్‌లో లోకి అనే మాయగాడి విషయంలో ఇంచుమించు ఇదే జరిగింది.

పాత ఐస్లాండ్ గ్రంథాల్లో లోకిని 'లాఫీ కొడుకు' అంటారు. లాఫీ వాళ్ళమ్మ. నాన్న ఫార్‌బౌతి. కానీ 'జర్నీ ఇంటు మిస్టరీ' అనే అమెరికన్ మాసపత్రిక 112వ సంచికలో, 1965 జనవరి తేదీతో వచ్చినదాంట్లో, లాఫీ ఒక రాక్షసరాజు. నిలువెత్తు మగాడు. థార్ తండ్రి, దేవతల రాజు ఓడిన్ అతన్ని యుద్ధంలో చంపి, మరుగుజ్జుగా పుట్టాడని రాక్షసులు సిగ్గుపడి దాచిపెట్టిన పసివాణ్ణి తెచ్చుకుని సొంత కొడుకులా పెంచుతాడు. ఆ పసివాడే లోకి. 'ఫలానా కొడుకు' అంటే ఆ ఫలానా తండ్రే అనుకోవడం ఇంగ్లీషువాళ్ళ అలవాటు, అక్కడే జారి ఉంటారని నా ఊహ. జారి అరవై ఏళ్ళు దాటింది. సినిమాల్లో కూడా లాఫీ మగవాడే.

ఈ పాత కామిక్స్ చదవాలని సరదాపడి, రెండు సంచికలు తిరగేసి, 'ఇదేంటి ఇలా ఉంది' అని మూసేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. నేనూ వాళ్ళలో ఒకణ్ణే. ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో అట్ట ఊడిన థార్ సంచిక ఒకటి దొరికింది. ఇంటికొచ్చి తెరిస్తే అందులో థార్ కప్ప. నిజంగానే కప్ప. న్యూయార్క్ పార్కులో ఎలుకలకీ కప్పలకీ యుద్ధం. దేవుడు కప్ప ఎందుకయ్యాడో, ఎలుకలకి ఈ పౌరుషమేంటో ఒక్క ముక్క అర్థం కాలేదు. కొన్నేళ్ళ తర్వాత తెలిసింది, అది 1986లో వచ్చిన, అభిమానులు నెత్తిన పెట్టుకునే కథ అని. కప్పని చేసింది లోకి. కథలో తప్పేం లేదు, నేను ఎక్కాల్సిన స్టాపు అది కాదు, అంతే.

చిక్కు మొదటి సంచిక దగ్గరే మొదలవుతుంది. 'థార్' పేరుతో 1960ల నాటి ఒకటో నంబరు సంచిక కోసం వెతికితే దొరకదు. అలాంటిది లేదు. థార్ తొలిసారి కనిపించింది 'జర్నీ ఇంటు మిస్టరీ' 83వ సంచికలో, 1962 ఆగస్టు తేదీతో. ధర 12 సెంట్లు. అప్పటికి అది భూతాలూ వింత జంతువుల కథల పత్రిక. అందులోకి థార్ అద్దెకి దిగి, మెల్లగా ఇల్లంతా ఆక్రమించాడు. 125వ సంచిక దాకా పాత పేరే నడిచింది. 1966 మార్చిలో బోర్డు మార్చి 'థార్' అన్నారు గానీ నంబరు మాత్రం 126 నుంచే కొనసాగించారు. కాబట్టి తన పేరుతో వచ్చిన 'మొదటి' సంచిక 126వది. ఇంకో సంగతి, అట్ట మీద తేదీ చూసి ఆ నెలే వచ్చిందనుకోకండి. షాపుల్లో సరుకు పాతబడినట్టు కనిపించకూడదని అమెరికాలో కామిక్స్ మీద రెండు మూడు నెలల ముందు తేదీ వేసేవాళ్ళు.

ఇక ఆ 83వ సంచికలో ఏముంది? డొనాల్డ్ బ్లేక్ అనే కుంటి డాక్టరు సెలవుల్లో నార్వే వెళ్తాడు. అక్కడ శని గ్రహం నుంచి రాతి మనుషులు దిగుతారు. (అవును, శని గ్రహం నుంచే. అంతకుముందు నెల దాకా ఆ పత్రిక బతికింది ఇలాంటివాటి మీదే.) వాళ్ళ నుంచి పారిపోతూ చేతికర్ర పోగొట్టుకుని ఒక గుహలో ఇరుక్కుంటాడు. లోపల ఒక పాత వంకర కర్ర దొరుకుతుంది. దారికి అడ్డంగా ఉన్న బండని దాంతో కదపబోతే కదలదు. విసుగొచ్చి ఆ కర్రని బండకేసి కొడతాడు. మెరుపు. కర్ర సుత్తి అవుతుంది, డాక్టరు థార్ అవుతాడు. ఎవరు అర్హులైతే వాళ్ళకి థార్ శక్తి వస్తుందని ఆ సుత్తి మీద రాసి ఉంటుంది. నార్వే గుహలో వందల ఏళ్ళుగా పడి ఉన్న ఆయుధం మీద శుభ్రమైన ఇంగ్లీషులో! ఆ సుత్తి అరవై సెకన్లు చేతిలో లేకపోతే మళ్ళీ డాక్టరే. ఇదంతా పదమూడు పేజీల్లో అయిపోతుంది.

ఈ కథలో నార్స్ పురాణం ఎంత అని లెక్కేస్తే పేరూ, సుత్తీ, ఉరుమూ. మిగతాదంతా ఆ కాలపు సూపర్ హీరో సూత్రం, అంటే బలహీనుడైన మామూలు మనిషి, రహస్యంగా ఒక రెండో రూపం, దానికొక గడువు. మార్వెల్ వాళ్ళదే ఇంకో హీరో హల్క్ కన్నా బలవంతుణ్ణి చేయాలంటే మనిషి సరిపోడు, దేవుడే కావాలనిపించిందని మార్వెల్ సంపాదకుడు స్టాన్ లీ తర్వాత్తర్వాత చెప్పుకున్నాడు. ప్లాట్ అతనిది, మాటలు అతని తమ్ముడు లారీ లీబర్‌వి, బొమ్మలు జాక్ కర్బీవి. ఆలోచన తనదేనని కర్బీ అన్నాడు. కర్బీ వైపు తూకం వేయడానికి ఒక ఆధారం ఉంది. 1957లోనే వేరే కంపెనీకి థార్ సుత్తి మీద ఒక చిన్న కథ గీశాడు, అందులోని సుత్తికీ 1962 నాటి సుత్తికీ పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. హక్కుల గొడవ కర్బీ వారసుల దాకా నడిచి, అమెరికా సుప్రీంకోర్టు ముందుకు రాబోతుండగా 2014లో రాజీ అయింది.

అసలు ఎవరు రాశారన్న ప్రశ్నే ఈ కామిక్స్‌లో తిన్నగా ఉండదు. కొన్నాళ్ళకి మార్వెల్‌లో కుదిరిన పద్ధతి ఏంటంటే, లీ, కర్బీ కథ గురించి నోటిమాటగా అనుకుంటారు, కర్బీ పేజీలన్నీ గీసేస్తాడు, ఆ గీసిన బొమ్మల మీద లీ మాటలు నింపుతాడు. మన సినిమాలో షూటింగ్ అయ్యాక డబ్బింగ్‌లో డైలాగులు మార్చినట్టు. అందుకే ఒక్కోసారి బొమ్మలో థార్ తలుపు బద్దలుకొడుతుంటే పైన డబ్బాలో 'థార్ తలుపు బద్దలుకొట్టెను' అని ఉంటుంది. ఇప్పటి పాఠకుడికి ఇదే మొదటి విసుగు. నా సలహా అడిగితే, పేజీని ముందు బొమ్మలతో ఒకసారి చూడండి, తర్వాతే మాటలు చదవండి. రెండు వేర్వేరు గొంతులు వినిపిస్తాయి. అవి ఒక్కోసారి ఏకీభవించవు కూడా.

ఆ భాష సంగతి కూడా చెప్పాలి. థార్ నోట షేక్‌స్పియర్ కాలపు ఇంగ్లీషు పలుకుతుంది. ఇది వైకింగుల, అంటే థార్‌ని కొలిచిన పాత ఉత్తరాదివాళ్ళ, భాష అనుకునేరు, దానికీ దీనికీ సంబంధం లేదు. మొదటి సంచికల్లో అతను అందరిలాగే మాట్లాడేవాడు. దేవుడన్నాక కాస్త బరువుగా మాట్లాడాలని లీ తర్వాత తొడిగిన కిరీటం అది. సురభి నాటకం చూసినవాళ్ళకి ఇది ఇట్టే పట్టుబడుతుంది. స్టేజీ మీద కృష్ణుడు గ్రాంథికంలో మాట్లాడితే ద్వాపరయుగంలో అలాగే మాట్లాడేవాళ్ళని ఎవరూ అనుకోరు. అది కిరీటంతో పాటు వచ్చే అలంకారం.

పురాణం దగ్గరికొద్దాం. పాత కథల్లో థార్‌కి మేకలు లాగే రథం ఉంది. ఆకలేస్తే ఆ మేకల్నే కోసుకు తిని, ఎముకలు చర్మం మీద పేర్చి పొద్దున్నే సుత్తితో దీవిస్తే మళ్ళీ లేచి నిలబడతాయి. ఒకసారి రైతు కొడుకు మూలుగు కోసం ఒక ఎముక చీల్చితే ఆ మేక కుంటిదైంది. ఆ సుత్తి మ్యోల్నిర్‌కి పిడి పొట్టి, ఎందుకంటే మరుగుజ్జు కమ్మరి కొలిమి ఊదుతుంటే ఈగ కుట్టి పని చెడింది, ఆ ఈగ లోకి. దాన్ని పట్టుకోవడానికి ఇనుప చేతొడుగులు కావాలి. సుత్తిని రాక్షసుడు దొంగిలిస్తే థార్ పెళ్ళికూతురి వేషం కట్టుకుని తెచ్చుకున్నాడు కూడా. మన కీచకవధ గుర్తొస్తే తప్పులేదు. ఐస్లాండ్ సాగాల్లో, అంటే అక్కడి పాత వచన కథల్లో, అతనికి ఎర్ర గడ్డం. భార్య సిఫ్‌వి బంగారు జుట్టు.

కామిక్‌లో గడ్డం లేదు, జుట్టు పసుపు, సిఫ్ జుట్టు నలుపు. మొదట్లో మేకలు లేవు, సుత్తిని విసిరి దాని తోలుపట్టీ పట్టుకుని ఎగిరిపోతాడు. సుత్తి లోహానికి 'ఉరు' అని లీబర్ పుట్టించిన పేరు, ఏ పురాణంలోనూ లేదు. ఓడిన్‌కి చాలాకాలం రెండు కళ్ళూ ఉంటాయి. ముఖ్యంగా కామిక్‌లో లోకి థార్‌కి తమ్ముడు, పురాణంలో కాడు. అక్కడ అతను ఓడిన్‌తో రక్తం కలిపి సోదరుడైనవాడు, అంటే వరసకి థార్‌కి బాబాయి లెక్క.

తప్పులు ఏరడం మొదలుపెడితే రోజంతా సరిపోదు. ఏరడం సరదాయే గానీ దాంతో కామిక్ అర్థం కాదు. శశిరేఖ పెళ్ళి వ్యాసభారతంలో లేదు. ఆ సంగతి తెలిసినవాళ్ళు 'మాయాబజార్' చూడటం మానేశారా? ఘటోత్కచుడు మారువేషంలో ఏం చేస్తాడన్నది చూస్తూ కూర్చున్నారు. ఇక్కడ కూడా మార్పుని పట్టుకుని, దాని అవసరం ఎవరికొచ్చిందని అడిగితే దారి దొరుకుతుంది. లోకిని తమ్ముణ్ణి ఎందుకు చేశారు? ప్రతి నెలా ఒక విలన్ కావాలి. బయటివాడైతే ఒకసారి ఓడించి పంపేయొచ్చు. ఇంట్లోవాడైతే తండ్రి క్షమిస్తూనే ఉంటాడు, వాడు వచ్చే నెల మళ్ళీ వస్తూనే ఉంటాడు. దాయాదుల పోరులో ఉన్న సౌకర్యం మనకి ఒకరు చెప్పాలా?

డాక్టర్ బ్లేక్ విషయంలో ఈ అవసరాలు ఒకదానికొకటి అడ్డుపడ్డాయి. 83లో అతను థార్ శక్తి దొరికిన మనిషి. 85లో లోకి దిగేసరికి అతనే థార్ అన్నట్టు అందరూ మాట్లాడతారు. మరి అసలు థార్ ఎక్కడున్నాడు, బ్లేక్ ఎవరు? ఆరేళ్ళు ఈ ముడి అలాగే ఉండిపోయింది. 1968 చివర్లో 159వ సంచికలో విప్పారు. బ్లేక్ అనేవాడు ఎప్పుడూ లేడు, కొడుకు గర్వం అణచడానికి ఓడిన్ అతని జ్ఞాపకం తీసేసి కుంటి మనిషిగా భూమికి పంపాడు. దీన్ని అమెరికన్ అభిమానులు పెద్ద మలుపు అంటారు. శాపం తగిలి వసువు భీష్ముడిగా పుట్టిన కథ తెలిసినవాళ్ళకి మాత్రం ఇది పాత చుట్టమే.

'అసలు పురాణం' అన్న మాటని కూడా కాస్త జాగ్రత్తగా వాడాలి. మనకి అందిన నార్స్ కథల్లో ఎక్కువ భాగం స్నోర్రి స్టుర్లుసన్ అనే ఐస్లాండ్ పెద్దమనిషి 1220 ప్రాంతంలో రాసిపెట్టినవి. అప్పటికి ఐస్లాండ్ క్రైస్తవం పుచ్చుకుని రెండు వందల ఏళ్ళు దాటింది. ఆయనా క్రైస్తవుడే. పాత కవిత్వంలో ఉపమానాలు కుర్ర కవులకి అర్థం కావాలని రాశాడు. ఈ దేవుళ్ళు నిజానికి ట్రాయ్ నుంచి వచ్చిన మనుషులని ముందుమాటలో ఒక వివరణ కూడా ఉంది. నెల్లూరులో తిక్కన భారతం రాసిందీ ఆ శతాబ్దంలోనే. తిక్కన వ్యాసుణ్ణి మక్కీకి మక్కీ దించలేదు, స్నోర్రీ దించలేదు. కర్బీ ఆ వరసలో చివర నిలబడ్డాడని నేనంటే పండితులు కొడతారేమో.

మనకి ఇంకొక చుట్టరికం కూడా ఉంది. రోమన్లు జూపిటర్‌కి ఇచ్చిన రోజుని జర్మానిక్ జాతులు థార్‌కి ఇచ్చాయి, అదే థర్స్‌డే. మన గురువారం కూడా ఆ గ్రహానిదే. రోజు బృహస్పతిది, స్వభావం మాత్రం ఇంద్రుడిది. ఉరుము, తిరుగులేని ఆయుధం, మహాసర్పంతో పోరు. వృత్రుణ్ణి ఋగ్వేదం 'అహి' అని, పాము అని పిలుస్తుంది. థార్ శత్రువు భూమిని చుట్టుకున్న మిడ్‌గార్డ్ సర్పం.

తేడా ముగింపులో ఉంది. వృత్రుణ్ణి చంపాక ఇంద్రుడు బతికే ఉంటాడు. రాగ్నరోక్ అనే చివరి యుద్ధంలో థార్ సర్పాన్ని చంపి, తొమ్మిది అడుగులు వేసి, దాని విషానికి కూలిపోతాడు. ఓడిన్‌ని తోడేలు మింగేస్తుంది. ఇదంతా దేవుళ్ళకి ముందే తెలుసు. తెలిసీ యుద్ధానికి వెళ్తారు. నార్స్ కథల రుచంతా అందులోనే ఉంది. మరి నెలనెలా వచ్చే పత్రికకి ముగింపు ఉండకూడదు కదా! థార్ చచ్చిపోతే వచ్చే నెల ఏం అమ్ముతారు? తప్పకుండా ముగిసే కథని ఎప్పటికీ ముగియని సీరియల్‌గా నడపాలి. పాత థార్ కామిక్స్‌లో మంచివీ చెడ్డవీ అన్నీ ఈ ఇరకాటంలోంచే పుట్టాయి.

తొలి రెండేళ్ళ సంచికలు దాన్ని అసలు పట్టించుకోలేదు. కమ్యూనిస్టు నియంతలతో, భవిష్యత్తు నుంచి వచ్చిన దొంగలతో కాలక్షేపం. ఇవి దాటేయొచ్చు, ఏ పాపమూ అంటదు. 97వ సంచిక నుంచి వెనక పేజీల్లో 'టేల్స్ ఆఫ్ ఆస్గార్డ్' (ఆస్గార్డ్ అంటే ఆ దేవుళ్ళుండే లోకం) అనే అయిదు పేజీల చిన్న కథలు మొదలయ్యాయి. సృష్టి మొదట్లో మంచు రాక్షసుడు యిమిర్, ఓడిన్ తాతముత్తాతలు, పిల్లవాడిగా థార్. చదవడం ఇక్కడ మొదలుపెట్టమంటాను. కర్బీకి పురాణం తలకెక్కింది ఇక్కడే. కొన్నాళ్ళకి ముందు పేజీల్లోని పెద్ద కథ కూడా ఈ వెనక పేజీల కథలా మారిపోయింది. ఆస్గార్డ్ పల్లెటూరి కోటలా కాక, యంత్రాలూ స్తంభాలూ కలిసిపోయిన మహానగరంలా తయారైంది. 1966లో ఈ వెనక పేజీల్లోనే రాగ్నరోక్‌ని చూపించారు, అయితే ఒక జోస్యంగా. రాబోయేది చూపించి మళ్ళీ తెర దించేశారు.

ఈ కాలపు పేజీల్ని దగ్గరగా చూస్తే ఒక చిన్న విషాదం కనిపిస్తుంది. కర్బీ పెన్సిల్ మీద ఇంకు వేసింది విన్స్ కొలెటా. గడువు తప్పనివాడని పేరు. తప్పకుండా ఎలా ఉండేవాడంటే, కర్బీ గీసిన గుంపులో నలుగురిని చెరిపేసేవాడు, వెనక భవనాన్ని ఖాళీ గోడ చేసేవాడు. మరోవైపు అతని సన్నటి వెంట్రుక గీతల వల్ల పేజీకి పాతకాలపు చెక్క అచ్చు బొమ్మ కళ వచ్చింది. కొలెటాని తిట్టడం అభిమానుల్లో ఆచారం. నేను సగమే తిడతాను.

రంగుల గురించి ఒక్క మాట. అసలు సంచికలు నాసిరకం న్యూస్‌ప్రింట్ మీద నాలుగు ఇంకులతో అచ్చయ్యాయి. భూతద్దం పెడితే ఓడిన్ బుగ్గ చుక్కల ముగ్గులా కనిపిస్తుంది. ఆ కాగితం రంగుని పీల్చుకుని మెత్తబరుస్తుంది. అవే రంగుల్ని ఇప్పుడు మెరిసే కాగితం మీద వేస్తే తిరునాళ్ళ లైటింగులా కళ్ళల్లో గుచ్చుకుంటాయి. పునర్ముద్రణ చూసి 'పాతవాళ్ళకి రంగుల తెలివి లేదు' అనేయకండి.

కర్బీ 1970లో 179వ సంచికతో వెళ్ళిపోయాడు. తర్వాత పదమూడేళ్ళు బండి నడిచింది, అక్కడక్కడా బాగానే. 1983 నవంబరు తేదీతో 337వ సంచిక వచ్చింది. అట్ట మీద గుర్రం ముఖమున్న గ్రహాంతరవాసి ఒకడు థార్ దుస్తుల్లో సుత్తి పట్టుకుని పైనున్న 'థార్' అన్న అక్షరాల్నే బద్దలుకొడుతుంటాడు. వాల్టర్ సైమన్‌సన్ రాసి గీసిన మొదటి సంచిక అది. ఆయన చేసింది చాలా సింపుల్. సుత్తి మీద 'ఎవరు అర్హులైతే వాళ్ళు' అని ఇరవై ఏళ్ళుగా రాసి ఉంది కదా, ఆ మాటని సీరియస్‌గా తీసుకున్నాడు. థార్ కాని అర్హుడు వస్తే ఏమవుతుంది?

సైమన్‌సన్ పురాణాన్ని నిజంగా చదివినవాడని మొదటి సంచికలోనే తెలిసిపోతుంది. ఎక్కడో చీకట్లో ఎవరో కత్తి కొడుతుంటారు. పేజీ అడ్డంగా పెద్ద అక్షరాల్లో 'డూమ్!' అన్న చప్పుడు, జాన్ వర్క్‌మన్ అక్షరాలు. ఎవరో చెప్పడు. వచ్చే నెల మళ్ళీ డూమ్. ఏడాది గడిచాక తెలుస్తుంది, అతను సుర్తుర్, రాగ్నరోక్‌లో నిప్పు కత్తితో లోకాన్ని కాల్చేవాడు. 353వ సంచికలో అతని ముందు ఓడిన్, థార్, లోకి ముగ్గురూ వరుసగా నిలబడతారు. ఓడిన్ ఆస్గార్డ్ పేరు చెప్పి, థార్ మనుషుల లోకం పేరు చెప్పి దూకుతారు. లోకి తన కోసమే దూకుతాడు. పురాణంలోని లోకి, అంటే పక్కవాడికి సాయపడినా ఎందుకు పడ్డాడో నమ్మలేనివాడు, ఈ కామిక్స్‌లో నాకు కనిపించింది ఆ క్షణంలోనే.

362వ సంచిక గురించి చెప్పకపోతే మనసొప్పదు. స్కర్జ్ అని ఒకడున్నాడు. 1964 నుంచీ ఒక మాయలాడి వెనక గొడ్డలి పట్టుకుని తిరిగే అనుచరుడు, అందరూ నవ్వుకునే మనిషి. పాతాళం నుంచి మనుషుల ఆత్మల్ని తీసుకుని థార్ బృందం తప్పించుకోవాలి, వెనక శవాల సైన్యం తరుముతోంది. దారిలో గ్యాలర్‌బ్రూ వంతెన. పురాణంలో కూడా చచ్చినవాళ్ళు దాటే వంతెన అదే. అక్కడ స్కర్జ్ రెండు చేతుల్లో రెండు తుపాకులు పట్టుకుని ఆగిపోతాడు. అవి భూమి మీది మామూలు సైనికుల తుపాకులు, ఏ మహిమా లేదు. ఎవరూ తిరిగి చూడరు, చూసే టైం లేదు. అతను ఒంటరిగా నిలబడ్డాడన్న ఒక్క వాక్యం మిగులుతుంది. ఓడిపోతానని తెలిసీ నిలబడటం, ఇందాక నార్స్ రుచి అన్నానే, అది థార్‌కి కాకుండా ఈ బంట్రోతుకి దక్కింది. ఎందుకంటే స్కర్జ్ చచ్చిపోవచ్చు. థార్‌కి ఆ వీలు లేదు, అతని పేరు అట్ట మీద ఉంది.

ఆ ఇరకాటాన్ని సైమన్‌సన్ చివర్లో నేరుగా ఎదుర్కొన్నాడు. మృత్యుదేవత హేలా థార్‌ని శపిస్తుంది. ఇకపై నీ ఎముకలు గాజులా విరుగుతాయి, అతకవు, కానీ నీకు చావు రాదు. గాయం మచ్చ దాచుకోవడానికి అప్పటికే గడ్డం పెంచాడు, అలా పాతికేళ్ళకి పురాణంలోని గడ్డం ముఖం మీదకొచ్చింది. ఒళ్ళు ఊడిపోకుండా ఇనుప కవచం తొడుక్కుంటాడు. 1987 జూన్ తేదీతో వచ్చిన 380వ సంచికలో మిడ్‌గార్డ్ సర్పంతో యుద్ధం. ఒక్కో పేజీకి ఒక్కటే పెద్ద బొమ్మ, సంచికంతా అంతే. చట్రం సైమన్‌సన్‌ది, బొమ్మలకి తుదిరూపం సాల్ బుసీమాది. పాము చచ్చిపోతుంది. స్నోర్రి చెప్పిన ప్రకారం థార్ కూడా చావాలి. ఎముకలన్నీ పిండైపోయి కవచం లోపల ముద్దలా మిగిలాడు గానీ శాపం చావనివ్వదు. తర్వాతి కథలో అతని ప్రాణం మరో కవచంలోకి దూరి, పాతాళానికి నడిచి వెళ్ళి, నా ఒళ్ళు నాకిమ్మని హేలా మెడ మీద కూర్చుంటుంది.

382వ సంచికతో సైమన్‌సన్ సెలవు తీసుకున్నాడు. 383 మరుసటి నెల వచ్చింది.